చాటింపులేని సంత

జ్యేష్ఠమాసావసానమున నైరృతిదిక్కున నంజనాద్రులవలె నొకదానిపై నొకటి పేరుకొనిన కాలమేఘములు గండికోన శిఖరముల నాక్రమింపవలయునో వలదో యని తమలో దాము మంతనము లాడుచున్న చందమున గదలక నిలిచియుండ వేసవియెల్ల గార్చిచ్చుపొగలచే మలినమైన యరణ్యభూమి తొలకరిచినుకునకై పిపాసాపరవశయై నిట్టూర్పులు నిగుడ్చుచుండ కొండవాగు తన యెండిన గర్భమునందలి గులకఱాళ్ళను దెల్లని దంతములవలె వెలిపుచ్చి సూర్యుని వెక్కిరించుచుండ ఆ వాగుగట్టున మద్దిచెట్ల నీడలనడుమ నున్న చదునునేలపై వర్షర్తువునకు ముందు జరుగవలసిన కడపటి సంత కూడియుండెను.

పడమట గొండగూడెముల నుండి స్త్రీపురుషులు చింతపండుబుట్టలను దలల నిడుకొని కాలిబాటల వెంట దిగివచ్చిరి. తూర్పున సముద్రతీరము నుండి యుప్పుగోనెలు మోయు పెరికెయెడ్ల బారులు కనుమ నెక్కివచ్చెను. ఎడ్లమూపుల నుండి గోనెలు దిగెను. తాటాకుచాపలపై శరన్మేఘశకలములవలె ధవళములైన యుప్పురాసులు వెలసెను. కొనువారు కలరు. అమ్మువారు కలరు. సరకు కలదు. అయినను నా సంతలో సంతధ్వని మాత్రము లేదు. కొండవారందఱును దొలిరాశి యెదుట నొక్క వరుసగా నిలిచిరి; తక్కిన రాసులయొద్దకు నొక్కరును బోవరైరి. పెరికెవారు తమతమ రాసులవెనుక మోకాళ్ళపై గడ్డము లానించి కూర్చుండిరి. ఎడ్లమెడగంటల సవ్వడియు జంకబిడ్డల యేడ్పును దక్క మాట యొక్కటియు వినబడదు. ఆ జనులందఱి చూపులును నొక్కచోట జేరియుండెను. అచ్చట మద్దిచెట్టు మొదట బఱచిన కంబళిపై ధరలు నిర్ణయించు నర్ఘాధికారి కొమ్మన కూర్చుండి నుదుటిచెమట తుడుచుకొనుచుండెను. అతని ప్రక్కన జాటింపు పోలయ్య డప్పును జంకనిడుకొని పుల్లను వ్రేళ్ళనడుమ ద్రిప్పుచుండెను.

వారెల్లరును ధరకై యెదురుచూచుచుండిరి.

ధరకై యెదురుచూచుట యా జనులకు బుట్టుకతో వచ్చిన యలవాటు. వెన్నేటిసీమ యను నా దేశమున నొకతరమునకు బూర్వము దొరలయు వర్తకులయు దౌష్ట్యమునకు దాళజాలక యుప్పుమళ్ళవారును సాలెవారును గాపులును గొండవారును నొక్కటై లేచి కోటలను గూల్చి సమభాగపరిషత్తును నెలకొల్పియుండిరి. నాటినుండియు మడియు మగ్గమును ఎడ్లును గొఠారులును నెల్లవారి సొమ్మయ్యెను. దొరా యను పిలుపు పోయి సహభాగీ యను పిలుపు వచ్చెను. ఏ వస్తువునకు నెంత ధరయో పరిషత్తే నిర్ణయించుచుండెను. ఆ ధర సంతనాటి యుదయమున డప్పుమ్రోతతో జాటబడుచుండెను. చాటింపైన పిదప జనులు వరుసగా నిలిచి చాటిన ధర యిచ్చి సరకు గైకొని పోవుటయే తప్ప ఎక్కువయని వాదించుట గాని తక్కువయని బ్రతిమాలుట గాని యెఱుగరు. తన నోట దాను ధర పలుకుట యా దేశమున నేరము. దానికి స్వముఖార్ఘదోషమని పేరు. పలికినవాని నోటికి గుడ్డ కట్టి ప్రొద్దుగ్రుంకువఱకు రచ్చలో నిలువబెట్టుట దానికి శిక్ష.

ఆ ధరలన్నిటిలో నుప్పుధర కొమ్మన ప్రాణముతో సమానమైనది. అతడు నవయౌవనమున దిరుగుబాటుదళముతో గండికోన కెక్కినపు డొక గూడెమున నొక యిల్లాలు వానికి జావ పోసెను. ఆ జావ చేదుగాను నాలుక గీఱుచున్నట్లుగాను నుండెను. కారణ మడుగగా నామె సిగ్గుతో దలవంచుకొని తమకు నుప్పు లేదనియు దొరగారి కొట్టున నొక దొన్నెడుప్పునకు దట్టెడు తేనెపట్టు నిడవలసివచ్చుననియు అందుచే నడవిమొక్కలను గాల్చి యా బూడిదను వడగట్టిన నీటిని వంటలో బోయుదుమనియు జెప్పెను. ఆ బూడిదరుచి కొమ్మన నాలుకను జన్మమంతయు విడువలేదు. పరిషత్తు వానిని ధరలకు నధికారిని జేసిన నాడు వాడు చేసిన తొలినిర్ణయ మేమనగా సముద్రపుటొడ్డున నుప్పు కేది ధరయో కొండకొమ్మున మబ్బుగూడెమునను నదియే ధర. కుంచము చింతపండునకు గుంచ ముప్పు. మోతకూలి సీమయంతయు భరింపవలెను. ఆ మాటను నమ్మి కొండవారు పరిషత్తును నమ్మిరి.

అయినను కాలము మనుష్యుల సదుద్దేశములను మన్నించి నిలుచునది కాదు. మేలినేతకును ముతకనేతకును నొక్కటే ధర యగుటచే సాలెవాడు మేలినేతను మఱచెను. క్రొత్తనూనెకును గమరునూనెకును నొక్కటే ధర యగుటచే గానుగవాడు త్వరపడుట మానెను. కొఠారులు నిండియే యుండెను గాని వానిలో నున్నదానిని గోరువారు దూరమునను గోరినది దొరకనివారు వాకిటను నుండిరి. ఇంతలో రాజధానియైన శంఖురేవునకు బరదేశనౌకలు రాజొచ్చెను. నావికుల చేతులలోని రంగువస్త్రములను జూచి సాలెవారే నివ్వెఱపోయిరి. పరిషత్తు చిరకాలము చర్చించి తుదకు సంతలను విడిచిపెట్టుటకు నిశ్చయించెను. ఆజ్ఞాపించుటకు నలవాటుపడిన యా ప్రభుత్వము స్వేచ్ఛను సయిత మాజ్ఞగనే యొసంగెను. బేరమాడుట యెట్లో జనులకు నేర్పుటకై బేరవిధి యను నొక శాసనము పుట్టెను. కొనువాడు తొలుత నసంతృప్తిని బ్రకటింపవలెననియు నమ్మువాడు పిమ్మట విచారమును బ్రకటింపవలెననియు నిరువురును బరస్పరగౌరవముతో మధ్యమార్గమున గలిసికొనవలెననియు నందు వ్రాయబడెను. పల్లెలలో జనులు దానిని వల్లించి యప్పగించిరి. ఒకడు నేను సంతృప్తుడను గాను అనును. రెండవవాడు నాకు విచారముగా నున్నది అనును. పిమ్మట నిరువురును బాతధరకే యిచ్చిపుచ్చుకొని పోవుదురు. రేవుపట్టణమున మాత్రము పరదేశుల సాంగత్యముచే జనులు శీఘ్రముగా నేర్చిరి. బట్టయు నూనెయు బెల్లమును నొకదాని వెనుక నొకటి చాటింపు నుండి విముక్తి నొందెను. ఉప్పొక్కటి మిగిలెను.

అప్పుడు పరిషన్నాయకురాలగు ముప్పాంబ కొమ్మనను బిలిపించెను. ఆమె యుప్పుమళ్ళలో బుట్టి పెరిగినది. తిరుగుబాటులో వానితో గలిసి నడచినది. మాటను నలంకరించుట యెఱుగనిది.

“కొమ్మనా! కొఠారులో నెడ్లకు గడ్డి లేదు. ఈ వేసవిలో సగము మంద పడిపోయినది. మిగిలినవానిని బెరికెవారికే యిచ్చివేసితిమి. ఇక వారే యుప్పు కొందురు, వారే మోయుదురు, వారే యమ్ముకొందురు. నీవు గండికోన సంతకు బోయి రమ్ము.”

“పోయి చేయవలసిన దేమి సహభాగీ?”

“ఏమియు జేయకుండుట. ధర చెప్పవలదు. అంతకంటె గష్టమైన పని నీ కిదివఱ కెన్నడును నప్పగింపలేదు.”

“దారికష్టము తన నెత్తిన బడిన పెరికెవాడు కుంచమునకు గుంచ మిచ్చునా?”

“ఇయ్యడు.”

“అట్లైన నా గూడెములు మరల బూడిదనీరు వడగట్టుకొనవలసినదేనా?”

ముప్పాంబ కిటికీలో నుండి రేవువంక జూచి యిట్లనెను. “నీ ధర గొప్పది. దానిని జూచియే నే నీ పీఠ మెక్కితిని. కాని దానికి గడ్డి పెట్టలేకున్నాము. ఎడ్లు చచ్చిన పిదప నీ సమధర యెవని వీపుపై నెక్కి కొండకు బోవును?”

తొలివాన పడినంతనే కనుమత్రోవ తెగిపోవును. కార్తికమువఱకు గొండకు బండియు నెద్దును నెక్కజాలవు. ఈ సంతలో నుప్పు దొరకనివానికి నా వర్షకాలమంతయు నుప్పు లేదు. ఆ సంగతి యెఱిగినవాడగుటచే గొమ్మన బయలుదేఱెను. మౌనముగా నుండుమను నాజ్ఞను బాటించుటకై దారిపొడవునను దన్ను దాను సిద్ధపఱచుకొనెను. కాని తాను మౌనముగా నుండిన సంతయంతయు మౌనముగా నుండునని యతడు గాని పరిషత్తులో మఱియెవ్వరు గాని తలంపలేదు.

“కొట్టమంటారా బాబూ?” అని పోలయ్య యడిగెను.

“వలదు. డప్పు తేవలదని చెప్పితినిగదా.”

“ఎలాగ తేకుండా ఒస్తాను బాబూ? సంతకి డప్పు నేకుండా ఎల్తే మా ఆడది ఇంట్లోకి రానిస్తాదా? తెచ్చీసేక కొట్టకపోతే సెయ్యి దురదెడతాది.”

“దురద నోర్చుకొనుము పోలయ్యా.”

ప్రొద్దు నడినెత్తికి వచ్చెను. మేఘములలో నొకటి తక్కినవానిని విడిచి శిఖరముపై జేయి వేసెను. వరుసలో మొదట నిలిచియున్న బంగారి యను నడివయస్సు కొండయువిద బుట్టను దింపి దానిపైనే కూర్చుండి యెలుగెత్తి పలికెను. “ఏటి నాయినా! తెల్లారకముందు ఇల్లు ఇడిసినాం. వాన వచ్చీసీలాగుంది. ధరేటో సెప్పీసి పున్నెం కట్టుకోండి!”

కొమ్మన లేచి తొలిరాశి వెనుక గూర్చున్న దాలయ్యయొద్దకు బోయెను. దాలయ్య పెరికెవారి పెద్ద, నల్లని దృఢకాయుడు, సీమలో నెక్కని కనుమ లేనివాడు. అధికారి వచ్చుట గాంచి యతడు దిగ్గునలేచి తలపాగ దీసెను.

“దాలయ్యా! ఈ యుప్పు నీది. నీకు తోచిన ధర చెప్పి యమ్ముకొనుము.”

“తమరు సెప్పండి బాబూ. అమ్ముకుంటాం.”

“నేను చెప్పరాదు.”

“తమరే సెప్పకూడనిది నానెలాగ సెప్తాను? మా అయ్య ఒకపాలి నోరు జారి సెప్పీసినాడు. పొద్దుగూకేదాకా నోటికి గుడ్డ కట్టి రచ్చలో నిలబెట్టినారు. ఆ గుడ్డ కట్టమన్నది తమరే కాదేటి?”

కొమ్మన కా దినము జ్ఞప్తికి రాలేదు. అట్టి దినము లనేకములు. “ఆ చట్టము పోయినది” అని మాత్ర మనెను.

“చట్టం పోనాది బాబూ. తమరున్నారు గదా.”

“అట్లైన నే నిచ్చోటు విడిచి పోయెదను. నిర్భయముగా నమ్ముకొనుడు.”

దాలయ్య వినయముగనే నవ్వెను. “తమరెల్లిపోతే ఏ సెట్టు సాటు నుంచో సూస్తన్నారనుకుంటాం. ఉంటేనే నయం. కనపడతన్నారు.”

ఆ మాటతో నా సంతయొక్క రోగనిదానము కొమ్మనకు దెలిసెను. ప్రభుత్వము ధర చెప్పుట మానినంతమాత్రమున జనులు ధర చెప్పుట నేర్వరు. ఒకతరముపాటు కట్టియుంచిన గుడ్డను విప్పినంతనే నోరు పలుకదు. ఈలోపల గనుమలో నుండి చల్లనిగాలి యొకటి లేచి చాపల యంచులను గదలించెను. పెరికెవారు రాసులపై గోనెపట్టలను గప్పసాగిరి. వాన పడెనేని యా ధవళరాసు లన్నియు నొక్క ఘడియలో బురదనీరై వాగులో గలియును; కలిసినయెడల గొండవారి కుప్పు లేదు, పెరికెవారికి మరల గొండ కెక్కు ధైర్యము లేదు.

పాతధరను జాటించిన నేమగును? డప్పు మ్రోగును, వరుస కదలును, రాసులు తరుగును. కాని సొంతమున గొని మోసితెచ్చిన పెరికెవారు నష్టపడి మరుసటేట నొక్కడును రాడు. హెచ్చుధరను జాటించిన నేమగును? బూడిదజావ పోసిన యా యిల్లాలికి దా నిచ్చిన మాటను దన నోటనే త్రోసిపుచ్చినట్లగును. అంతేకాక నాటినుండి యాచంద్రార్కము జనులు చాటింపుకై యిట్లే కూర్చుందురు. మౌనమే వహించిన నేమగునో మేఘములే చెప్పుచుండెను. కొమ్మన యధికారచిహ్నమైన యెఱ్ఱయంచు నుత్తరీయమును దీసి పోలయ్య భుజముపై వైచి చెట్టుక్రింది కంబళిని జేతబట్టుకొని దాలయ్య యెదుటికి వచ్చి తానే శాసించిన నేరమును దానే చేసెను.

“దాలయ్యా! ఈ కంబళి నా సొంతము. దీనికి రెండు కుంచముల యుప్పిమ్ము. ఇది పరిషత్తు మాట కాదు. నా నోటిమాట.”

ఆ పలుకులు ముగియుటయే తడవుగా బోలయ్య చేయి యెన్నాళ్ళనుండియో బిగబట్టిన దురదను దీర్చుకొనెను. డప్పు దద్దరిల్లెను. “ఓహో! ఇనండహో! ఉప్పు రెండు కుంచాలు! ధర ఒక్క కంబళీ!”

వరుస యంతయు గల్లోలమయ్యెను. “కంబళా?” “మాకాడ కంబళ్ళెక్కడివిరా?” “సింతపండు మోసుకురమ్మని ఇప్పుడు కంబళంటారేటి!” అని బంగారి బుట్టను గ్రుద్దెను. ఒక ముసలమ్మ తన మనుమని దేహముపై నున్న తుండు దీసి యిది కంబళిలో జెల్లునా యని ప్రక్కవారి నడిగెను. కొండవారిలో నొకడు నాలుగు కంబళ్ళు ముందే కొనియుంచిన బాగుండెడిదని విచారించెను. కొమ్మన పోలయ్య చేతిలోని పుల్లను లాగికొని “ఇది ధర కాదు! నేను కొనుచున్నాను! కొనుచున్నా నంతియే!” యని యఱచెను. వాని నెవ్వరును నమ్మలేదు. అర్ఘాధికారి నోట వెడలినది ధర గాకుండు టెట్లో వారికి బోధపడదు. అధికారము చేత నున్నవాని బేరము బేరముగా వినబడదు, ఆజ్ఞగనే వినబడునని కొమ్మన యెఱిగెను. కాదనుటకు వీలులేని మాటకు ధరయని పేరుపెట్టి తా నింతకాలము పలికితినని యా క్షణముననే వానికి దోచెను.

అతడు దాలయ్య ముంజేయి పట్టుకొని మెల్లగా బలికెను. “నన్ను కాదనుము.”

“కాదనడమేటి బాబూ?”

“ఇయ్యనని చెప్పుము. అందఱును వినునట్లు చెప్పుము.”

“తమరినా? నా వల్ల కాదు బాబూ.”

“కంబళిని జూడుము. బాగుగా జూడుము. దీనికి రెండు కుంచము లగునా?”

దాలయ్య కంబళి యంచును రెండు వ్రేళ్ళనడుమ నలిపెను. వెలుతురున కెత్తి చూచెను. అందు రంధ్రములు కనబడెను. వాని తండ్రితాతలు కొండలకును గడలికిని నడుమ దిరిగి సరకు నలిపి చూచినవారే. ఆ వ్రేళ్ళలో నిద్రించుచున్న దేదియో మేల్కొనినట్లు వాని కనుబొమలు ముడివడెను.

“పురుగు కొట్టీసింది” అని గొణిగెను. పిమ్మట దలయెత్తి వణకుకంఠముతో “ఇవ్వను” అనెను.

సంతయంతయు నటునిటు జూచెను. గుడ్డ తెచ్చువాడు రాలేదు. పట్టుకొని పోవువాడు రాలేదు. కొమ్మన మొగమున గోపము లేదు. దాలయ్య తన నోటిని దడవిచూచుకొని మఱింత గట్టిగా బలికెను. “ఇవ్వను బాబూ! కుంచం ఇస్తాను.”

“ఒకటిన్నర.”

“ఇవ్వనన్నాను గదా!” ఈ తడవ వాని గొంతులో వణకు లేదు, చిన్ననాట నిషేధింపబడిన తినుబండారమును దొలిసారి కొఱికినవాని సంతోషము కలదు. “కుంచం మీద ఒక పావు. ఇష్టమైతే తీసుకోండి, నేకపోతే ఆ సెట్టు కిందే కూకోండి!”

బంగారి విరగబడి నవ్వెను. “సూసినారర్రా ఈ బాబు బేరం! కంబళి పురుగు తిన్నాదని అవతలోడికి తనే సూపించీసి తరవాత ఎక్కువడుగుతాడేటి! లెగండి, లెగండి.” ఆమె బుట్టనెత్తుకొని వరుసను విడిచెను. ఒకతె వరుసను విడుచుట యా జను లంతకు ముందెన్నడును జూచియుండలేదు. ఆమె తిన్నగా బోయి మూడవరాశి యెదుట నిలిచి యా పెరికెవాని మొగముమీద జింతపండు విదిలించెను. “ఇత్తు నేదు, ఈనె నేదు. సూసుకో. కుంచానికి కుంచం ఇస్తావా? అదిగో, ఆడు ఇస్తానంటన్నాడు.”

“ఎవుడన్నాడు?”

“అడిగితే అంటాడు.”

అంతట గట్టుతెగిన చెఱువువలె సంత విరిసెను. వరుస ముక్కలై రాసులచుట్టును జేరెను. ఎక్కువనువారును దక్కువనువారును బుట్ట నెత్తుకొని పోవుచున్నట్లు నటించి నాలుగడుగులలో వెనుదిరుగువారును బోనిమ్మని పలికి కొంగు పట్టుకొని లాగువారును నై యా మద్దితోపు కాకులగుంపు లేచిన కొమ్మవలె గోలలో మునిగెను. కొమ్మన కంబళి నిచ్చి కుంచము పావు నుప్పును సంచిలో బోసికొని యొకప్రక్క నిలిచి చూచుచుండెను. బంగారి కుంచమునకు గుంచము గెలిచెను. ఆమె ప్రక్కనున్న బిడియపుకోడలు రెండు కుంచముల చింతపండున కొక్క కుంచ ముప్పుతో దలవంచుకొని పోయెను. మేలిసరకు తెచ్చినవాడు తలయెత్తుకొని పోయెను. నోరులేనివాడు సరకు మేలైనను దలవంచుకొనెను. జన్మమంతయు దాను మలచిన సమధర తన కన్నులయెదుటనే యిన్ని శకలములై యిన్ని చేతులలో బడుటయు నా చేతులలోని యనేకములు నవ్వుచు బోవుటయు వానికి నేక కాలమున గానవచ్చెను. దుఃఖింపవలయునో సంతోషింపవలయునో వాని కెవ్వరును జాటి చెప్పలేదు.

తొలిచినుకు పడినప్పటికి రాసులు చాలవఱకు దీరిపోయెను. పెరికెవారు మిగిలిన గోనెలను నెడ్లపై వేగిరపాటుతో గట్టుచుండిరి. అప్పుడు మబ్బుగూడెపు దారిని సుకురు అను వృద్ధుడొకడు రొప్పుచు దిగివచ్చెను. ఆ గూడెము కొండకొమ్మున నుండుటచే నచ్చటివారు సంతకు గడపటనే చేరుట వాడుక. చాటినధర సాయంకాలమునను మాఱదు గనుక వెనుకటిదినములలో నాలస్యమువలన వారికి నష్టము లేకుండెను. వృద్ధుని బుట్టలో జింతపండు నీడకొండలలో గాచినదగుటచే బలుచగను నల్లగను నుండెను. దాలయ్య తలయాడించి “మూట కట్టీసేం తాతా” యనెను. మఱియొకడు బుట్టనంతయు గుమ్మరించినను నరకుంచమే యిచ్చెదననెను. ఎడ్లు కదలిపోయెను. వృద్ధుడు వానలో నిలిచి గంటలసవ్వడి క్షీణించుట వినుచుండెను.

కొమ్మన నాలుకకు నా పురాతనమైన బూడిదచేదు తగిలెను. అతడు సంచితో నా వృద్ధునియొద్దకు బోయెను.

“తాతా! ఈ యుప్పు తీసికొనుము.”

“ఎంత?”

“ఊరకనే.”

సుకురు వానిని బాదములనుండి తలవఱకు బరికించెను. “ఊరకనేటి? నా బుట్ట కాళీగుందేటి? దొరల నాడు మా అయ్యకి ఒకడు సారెడు ఉప్పు ఊరకనే ఎట్టినాడు. దానికి ఏడాది వెట్టి సేసినాం. ధర సెప్పు.”

ఇంతవఱకు ధర చెప్పుమని కొమ్మనను గోరినవా రెందఱో కలరు; కాని నీ ధర యేమని యడిగినవా డితడే. ఆలోచింపకయే వాని నాలుక పలికెను. “కుంచమునకు గుంచము.”

“ఎక్కువ” అనెను వృద్ధుడు.

ఆ ధరకై మనుష్యులు ప్రాణము లిచ్చియుండిరి. ఆ ధరయే న్యాయమని కొమ్మన పలికిన వాక్యములు రచ్చబండల రాళ్ళపై జెక్కబడియుండెను.

“దారిలో బంగారి సెప్పింది, ఇయ్యాల అడగొచ్చని. కొండ కొమ్ము నుంచి నడిసొచ్చినాను. నా సింతపండు పల్చనే గానీ పులుపు సూడు, పన్ను జివ్వుమంటాది. కుంచం ఉప్పుకి ముప్పావు ఇస్తాను.”

సరేయని చెప్పుటకు గొమ్మన నోరు తెఱచెను. అంతలో వృద్ధుని కన్నులను జూచెను. ఆ కన్నులలో దైన్యము లేదు. ఎదిరివాని యెత్తుకై కనిపెట్టుకొనియున్న పందెగాని చూపు కలదు. తా నిపుడు వెంటనే యంగీకరించిన నా యుప్పు మరల భిక్షమే యగును. కొమ్మన ముఖమును గఠినముగా జేసికొని దాలయ్యనుండి యా దినముననే నేర్చిన మాటను బలికెను.

“ఇయ్యను.”

“ఇవ్వవా? మరైతే ఆ ఉప్పు నువ్వేటి సేసుకుంటావు? ఆనకి కరిగిపోతంది సూడు.”

“నీ చింతపండును దడిసిపోవుచున్నది చూడుము.”

వాన హెచ్చెను. కొమ్మన సంచిపై వంగి తన వీపును గప్పుగా జేసెను. వృద్ధుడు బుట్టపై వంగెను. ఇరువురి తలలును దాకునంత దగ్గఱగా నుండి బేరము సాగించిరి. బేరము సాగినకొలదిని నుప్పు కరగుచుండెను. అయినను నిరువురును దొందరపడలేదు. ముప్పావు మీద గుప్పెడు చింతపం డనియు గుప్పెడు గాదు చిటికె డనియు నా చిటికెడు నెవరిచేతి చిటికె డనియు వాదము నడచెను. తుదకు వృద్ధుడే గెలిచెను. అడ్డాకులలో నుప్పును మూటగట్టి బుట్టలో జొనుపుకొని ముడుతలమొగ మంతటను నవ్వుచు నిలిచెను.

“మోసపోనావు నాయినా. నానైతే కుంచానికి కుంచం ఇచ్చీసేవోణ్ణే. మళ్ళీ ఏడు ఒస్తావా?”

వెనుకటి కొమ్మనయైనచో బరిషత్తు పంపునని చెప్పియుండును. ఇపు డా మాట వాని నోట రాలేదు. మబ్బుగూడెమువంటి కడపటిగూడెములకు లాభమెంచు పెరికెవాడు పోడనియు బ్రభుత్వమే నాలుగెడ్లు మేపుకొని యందఱితోపాటు సంతలో బేరమాడి కొని యచ్చటికి మోయవలెననియు దాను క్రిందికి దిగి ముప్పాంబతో వాదింపనున్నాడు. ఆమె వినునో వినదో వాని కెఱుక లేదు. తనకు దెలిసినంత మాత్రమే పలికెను.

“వచ్చెదను. పరిషత్తు మాట నే నెఱుగను. ఈ మాట నాది.”

“ఒస్తే బేరం నేర్చుకుని రా” యని వృద్ధుడు దారిబట్టెను. వానతెరలో వాని యాకారము మఱుగైనను నవ్వు కొంతదూరము వినబడుచుండెను.

ఒక్క ధరచే సీమనంతయు సమము జేయవలెనని యాయుష్యమును వెచ్చించిన యా మనుష్యుడు ఒక్క మనుష్యునితో సమానుడై నిలిచిన దా సాయంకాలమే. అట్లు నిలుచుటకు వాడు చెల్లించినది వానలో గరగిన చిటికె డుప్పు. ఏలువారు తామిచ్చు మేలునకు బ్రతిగా జనుల నోటి ‘కాదు’ అను మాటను గైకొనిరేని యా మేలెంత గొప్పదైనను గొంత వెట్టియే. కాదనుటకు శక్తిలేని వానిని మఱచి సంతకే సర్వమును విడిచిరేని యదియు నట్టిదే. ఈ రెంటినడుమ ద్రోవ యెంత యిఱుకో కనుమ నెక్కినవానికే తెలియును.

కొమ్మన చెట్టుక్రిందికి బోయి తడిసి వణకుచు వృద్ధుని చింతపండులో నొక రెబ్బను గిల్లి నోట వైచుకొనెను. పలుచనిదే; కాని పన్ను జివ్వుమనెను. ఆ తాత బేరములో నాడిన మాటలలో నదియొకటి నిజము.